గంట సినిమా, ఒక హత్య: పాత హాలీవుడ్ చవక మిస్టరీల గురించి మాట్లాడుకుందాం

రాత్రిషో:

అందరికీ నమస్కారం. రెండు నెలలుగా డ్యూటీ నుంచి వచ్చాక రోజుకొకటి చొప్పున 1930లు, 40ల నాటి హాలీవుడ్ హత్య మిస్టరీలు చూస్తున్నాను. పేరున్న పెద్ద సినిమాలు కాదు. ఒకే టికెట్టు మీద రెండు సినిమాలు వేసే రోజుల్లో పెద్దదానికి తోడుగా వేసిన చిన్నవి. వీటినే బి సినిమాలు అనేవారు. గంట, మహా అయితే గంటా పావు. మొదట కాలక్షేపానికే మొదలుపెట్టాను. ఇప్పుడు వదలబుద్ధి కావడం లేదు.

తెలియనివాళ్ళ కోసం ముందు డబ్బు సంగతి చెబుతాను. మిగతాదంతా దాని చుట్టూనే తిరుగుతుంది. 1929లో అమెరికాలో షేర్ మార్కెట్ కూలిపోయింది. ఆ తర్వాత రెండు మూడేళ్ళలో సినిమా హాళ్ళకి జనం తగ్గారు. వాళ్ళని మళ్ళీ రప్పించడానికి హాళ్ళవాళ్ళు ఒక టికెట్టుకి రెండు సినిమాలు వేయడం మొదలుపెట్టారు. 1930ల మధ్యకి వచ్చేసరికి అది మామూలైపోయింది. పెద్ద సినిమాకి వసూళ్ళలో వాటా ఉండేది. రెండో సినిమాకి వాటా లేదు, ఇంత అని ముందే మాట్లాడుకున్న అద్దె. హాలు నిండినా, సగం కుర్చీలు ఖాళీగా ఉన్నా అంతే. అంటే సినిమా మొదలుపెట్టకముందే ఎంత వస్తుందో నిర్మాతకి దాదాపు తెలుసు. ఇక లాభం కావాలంటే ఖర్చు తగ్గించుకోవాల్సిందే.

పెద్ద స్టూడియోలు ఇందుకోసం విడిగా యూనిట్లు పెట్టుకున్నాయి. వార్నర్ స్టూడియోలో ఈ పని చూసిన బ్రయన్ ఫోయ్‌కి 'బి సినిమాల కాపరి' అన్న పేరే పడిపోయింది. పెద్దవాళ్ళు కాక మోనోగ్రామ్, టిఫనీ, మెజెస్టిక్, తర్వాత పి.ఆర్.సి. లాంటి చిన్న కంపెనీలు ఉండేవి. వీటన్నిటినీ కలిపి 'పావర్టీ రో' అనేవారు, పేదల వరస అన్నమాట.

నా ప్రశ్న ఇది. చేతిలో డబ్బు లేనివాళ్ళు కౌబాయ్ సినిమాలతో పాటు మళ్ళీ మళ్ళీ హత్య మిస్టరీనే ఎందుకు పట్టుకున్నారు? చవకగా అయిపోతుంది కాబట్టి అంటారు. నాకు అది సగం జవాబే అనిపిస్తోంది.

ఒకే_సెట్టు:

రాత్రిషో గారూ, మంచి టాపిక్ పెట్టారు. నేను ముప్పై ఏళ్ళుగా పరిషత్తు నాటికలు ఆడిస్తున్నాను. మాకు ఉండేది వ్యానులో పట్టేంత సెట్టు, ఐదారుగురు నటులు, గంట టైము. మీరు చెప్పిన సినిమాలవాళ్ళ బాధ నాకు బాగా తెలుసు.

ఒకే గదిలో కథ నడపాలంటే మొదటి చిక్కు ఏమిటో తెలుసా అండీ? పాత్రలు ఆ గదిలోనే ఎందుకు ఉండాలి? పెళ్ళి కథ అయితే మండపానికి వెళ్ళాలి, ఆఫీసు కథ అయితే ఆఫీసుకి వెళ్ళాలి. హత్య కథలో ఆ కారణం దానంతట అదే వచ్చేస్తుంది. శవం దొరికింది. ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. నేను చెప్పేవరకు ఎవరూ కదలొద్దన్నాడు. అంతే, ఎనిమిది మంది ఒక హాల్లో ఇరుక్కుపోయారు. బయట వర్షం, కరెంటు పోయింది, ఫోను వైరు ఎవరో తెంపేశారు. ఇదంతా సౌండుతో, ఒక లైటు ఆర్పేసి చేసుకోవచ్చు.

ఇందులో నాకు అన్నిటికంటే తెలివైన పని అనిపించింది 1932 నాటి 'ది డెత్ కిస్'. హీరోని ఒక అమ్మాయి ముద్దు పెట్టుకుంటుంది, వెంటనే కాల్పులు, పడిపోతాడు. కెమెరా వెనక్కి జరిగితే అది షూటింగ్! డైరెక్టరుకి షాట్ నచ్చదు, ఇంకోసారి చేద్దామంటాడు. పడినవాడు లేవడు. నిజంగానే చచ్చిపోయాడు. ఇక సినిమా మొత్తం స్టూడియోలోనే. టిఫనీ స్టూడియోలో తీశారు, ఆ స్టూడియోనే సెట్టు! లైట్లు, కెమెరాలు, ప్రొజెక్షన్ గది అన్నీ వాళ్ళవే. కొత్తగా కట్టాల్సింది దాదాపు ఏమీ లేదు. పైగా కొన్నిచోట్ల మంటకీ, టార్చి వెలుగుకీ ఫిల్మ్ మీద చేత్తో రంగు వేశారు. డబ్బు లేనివాళ్ళు అంత ఓపిగ్గా రంగు దిద్దారంటే సినిమా మీద ప్రేమ ఉన్నట్టే కదా.

రాత్రిషో:

అవునండీ! 'ది వాంపైర్ బ్యాట్' కూడా అలాంటిదే. మెజెస్టిక్ వాళ్ళు 1933 జనవరిలో విడుదల చేశారు. యూనివర్సల్ స్టూడియోలో 'ఫ్రాంకెన్‌స్టైన్' కోసం వేసిన ఊరి సెట్టు ఉంటే, దాన్ని అద్దెకి తీసుకుని రాత్రిపూట తీసుకున్నారు. లయనెల్ ఆట్విల్, ఫే రే అనే నటులు అప్పటికే వార్నర్ వాళ్ళకి ఒక పెద్ద రంగుల సినిమా చేసి ఉన్నారు, అది ఇంకా బయటికి రాలేదు. దానికంటే ముందే అదే జంటతో వీళ్ళు సినిమా వదిలేశారు. ఊళ్ళో వరసగా మనుషులు రక్తం లేకుండా చచ్చిపోతుంటారు, జనం గబ్బిలాలు పట్టుకునే ఒక పిచ్చివాణ్ణి అనుమానిస్తారు. ఆ పిచ్చివాణ్ణి కాగడాలతో తరిమే సీను చూస్తే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది. హంతకుడెవరో తేలేముందే ఊరు చేసిన హత్య అది.

కొత్తచూపు:

అన్నా, నేను డిగ్రీ ఫైనలియర్. ఇంత పాత నలుపు తెలుపు సినిమాలు ఎప్పుడూ చూడలేదు. ఎక్కడ మొదలుపెట్టాలి? అసలు ఇవి ఎక్కడ దొరుకుతాయి?

రాత్రిషో:

తమ్ముడూ, చాలావాటికి డబ్బు కట్టక్కర్లేదు. అప్పటి అమెరికా చట్టం ప్రకారం కాపీరైట్ 28 ఏళ్ళకి మళ్ళీ రిజిస్టర్ చేయించుకోవాలి. ఈ చిన్న కంపెనీలు చాలావరకు అప్పటికి మూతపడ్డాయి, లేదా పట్టించుకోలేదు. దాంతో ఆ సినిమాలు అందరి సొత్తయ్యాయి. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో వెతుకు. కాకపోతే ప్రింటు చూసి నిరాశపడకు. గీతలు, వాన, మధ్యలో ఎగిరిపోయిన డైలాగులు ఉంటాయి. ఒక సినిమాకి మూడు నాలుగు కాపీలు ఉంటే అన్నీ తెరిచి చూసి మంచిది పట్టుకో. ఏది ముందు చూడాలో మిగతావాళ్ళు కూడా చెబుతారు.

నిర్వాహకుడు:

ఒక్క మాట. ఇవి మిస్టరీలు. హంతకుడెవరో దయచేసి ఎవరూ బయటపెట్టకండి. ఎనభై ఏళ్ళ నాటి సినిమా అయినా కొత్తగా చూసేవాళ్ళకి కొత్తదే.

లెక్కలమాస్టారు:

నాకు ఒక అభ్యంతరం ఉంది, నిజాయితీగా చెబుతున్నాను. హనుమకొండలో చదువుకునే రోజుల్లో అద్దె పుస్తకాల షాపు నుంచి డిటెక్టివ్ నవలలు తెచ్చుకుని, సగంలో పుస్తకం మూసి హంతకుడెవరో కాగితం మీద రాసుకునేవాణ్ణి. రచయిత ఆధారాలన్నీ నా ముందు పెట్టాలి, తర్వాత నేను ఓడిపోతే నా తప్పు. అదీ న్యాయమైన ఆట. ఈ చవక సినిమాల్లో ఆ న్యాయం చాలాసార్లు లేదు. మోనోగ్రామ్ వాళ్ళవి ఒక ఆరేడు చూశాను. చివరి ఐదు నిమిషాల్లో డిటెక్టివ్ అందరినీ కూర్చోబెట్టి, మనం ఎప్పుడూ చూడని ఉత్తరం ఒకటి జేబులోంచి తీస్తాడు. దాంతో కథ తేలిపోతుంది. నేను దీన్ని మిస్టరీ అనను.

న్యాయంగా ఆడిన సినిమా ఒకటి చెబుతాను, కొత్తచూపు చూడవచ్చు. 1933లో వచ్చిన 'ది కెనెల్ మర్డర్ కేస్'. మైకేల్ కర్టిజ్ తీశాడు, విలియం పావెల్ డిటెక్టివ్. ఇది పేదల వరసది కాదు, వార్నర్ వాళ్ళది, కానీ నిడివి 73 నిమిషాలే. లోపల గడియ పెట్టిన గదిలో ధనవంతుడు చచ్చి పడి ఉంటాడు, అందరూ ఆత్మహత్య అంటారు. గడియ బయటి నుంచి ఎలా పడిందో దారంతో చేసి చూపిస్తాడు. ఇంటి నమూనా ముందు పెట్టుకుని ఎవరు ఎప్పుడు ఏ గదిలో ఉన్నారో వివరిస్తాడు. అది చూశాక కాగితం మీద నా లెక్క సరిచూసుకున్నాను. తప్పు నాదే.

కత్తిరింపు:

మాస్టారూ, నేను హైదరాబాద్‌లో సీరియల్స్ ఎడిట్ చేస్తాను. మీ అభ్యంతరం సరైనదే. కానీ టైము లెక్క కూడా చూడండి. 65 నిమిషాల సినిమాలో ఎనిమిది మంది అనుమానితులు. టైటిల్స్, శవం దొరకడం, చివరి వివరణ తీసేస్తే ఒక్కొక్కరికి ఆరేడు నిమిషాలు మిగులుతాయి. అందులోనే వాళ్ళకి కారణం ఉండాలి, అబద్ధం ఉండాలి, మనకి గుర్తుండే మొహం ఉండాలి. ఈ పని సరిగ్గా కుదరడం చాలా కష్టం. కుదిరినప్పుడు మాత్రం అందులో ఒక్క నిమిషం కూడా వృథా ఉండదు.

ఇంకొకటి. 1934 మధ్య నుంచి ప్రొడక్షన్ కోడ్ అనే హాలీవుడ్ సెన్సారు నియమాలు గట్టిగా అమలయ్యాయి. నేరం చేసినవాడు తప్పించుకున్నట్టు చూపించకూడదు. అంటే ముగింపు ఎలా ఉంటుందో ప్రేక్షకుడికి ముందే తెలుసు. అందుకని బాగా ఆలోచించినవాళ్ళు 'ఎవరు' అన్న ప్రశ్న వదిలేసి వేరే ప్రశ్న పట్టుకున్నారు. కొలంబియా వాళ్ళ 'ది విజ్లర్' 1944 చూడండి. విలియం కాసిల్ తీశాడు, గంట లోపే ఉంటుంది. భార్య చనిపోయిందన్న దిగులుతో ఒకడు తనని చంపడానికి తానే మనిషిని పెట్టుకుంటాడు. తర్వాత భార్య బతికే ఉందని కబురు వస్తుంది. హంతకుణ్ణి ఆపుదామంటే మధ్యవర్తి చనిపోయాడు. హంతకుడెవరో మనకి మొదటి పది నిమిషాల్లోనే తెలుసు, వాడికి తెలియదు. నాకు ఒళ్ళంతా టెన్షన్ పట్టుకుంది.

లెక్కలమాస్టారు:

ఇది చూస్తాను. ప్రశ్న మారిస్తే ఆట నియమం మారుతుంది, ఒప్పుకుంటున్నాను.

డల్లాస్_పద్మ:

చర్చ బాగుంది. అయితే చార్లీ చాన్ అనే చైనీస్ డిటెక్టివ్ సినిమాల మాట ఇంకా ఎవరూ ఎత్తలేదు. ఈ రకం సినిమాల్లో అంత నడిచిన సిరీస్ తక్కువ, అందుకని నేనే ఎత్తుతున్నాను.

పోయిన నెల మా అమ్మాయితో కలిసి 'చార్లీ చాన్ ఎట్ ది ఒపెరా' చూశాను. 1936ది, హారర్ సినిమాల ఇంగ్లీషు నటుడు బోరిస్ కార్లాఫ్ కూడా ఉన్నాడు. కథ దానికి నచ్చింది. మధ్యలో అడిగింది, "అమ్మా, కొడుకు నిజంగా చైనా అబ్బాయే, నాన్న ఎందుకు కాదు?" నేను ఆపేసి చెప్పాల్సి వచ్చింది. నాన్న, అంటే చార్లీ చాన్, వేషం వేసిన వార్నర్ ఓలాండ్ స్వీడన్‌లో పుట్టినవాడు. కొడుకు వేసిన కీ ల్యూక్ చైనాలో పుట్టి అమెరికాలో పెరిగినవాడు. ఓలాండ్ 1938లో చనిపోయాక ఆ వేషం సిడ్నీ టోలర్‌కి, టోలర్ 1947లో పోయాక రోలండ్ వింటర్స్‌కి ఇచ్చారు. ముగ్గురూ తెల్లవాళ్ళే. కీ ల్యూక్ అక్కడే ఉన్నాడు, నటన వచ్చు, ఇంగ్లీషు వచ్చు. డిటెక్టివ్ వేషం మాత్రం అతనికి ఇవ్వలేదు.

పరాయి దేశంలో పిల్లని పెంచుతున్న నాకు ఆ ప్రశ్న గట్టిగా తగిలింది. సినిమా బాగుందని చెప్పడానికి నోరు రాలేదు.

రాత్రిషో:

పద్మ గారూ, మీరు చెప్పింది నేను కాదనలేను. కొన్ని విషయాలు మాత్రం కలుపుతాను, సమర్థించడానికి కాదు. ఆ పాత్రకి వెనుక హొనొలులు పోలీసు డిటెక్టివ్ చాంగ్ అపానా అనే నిజమైన మనిషి ఉన్నాడు. 1931లో 'ది బ్లాక్ కేమెల్' హవాయిలో తీస్తుండగా ఆయన వచ్చి ఓలాండ్‌ని కలిశాడు. చైనాలో కూడా ఆ సినిమాలు బాగా ఆడాయి. 1936లో ఓలాండ్ షాంఘై వెళ్ళినప్పుడు జనం ఆదరించారు. అప్పటిదాకా హాలీవుడ్‌లో చైనీయులంటే ఎక్కువగా విలన్లే. ఇక్కడ తెల్లవాళ్ళందరూ గాభరాపడుతుంటే గదిలో తెలివైనవాడు ఒక్క చైనా మనిషే. అది అప్పటివాళ్ళకి నచ్చి ఉంటుంది. అయినా మీ అమ్మాయి అడిగిన ప్రశ్నకి ఇది జవాబు కాదు, నాకు తెలుసు.

డల్లాస్_పద్మ:

జవాబు కాదు, కానీ చెప్పినందుకు సంతోషం. జవాబుకి దగ్గరగా వచ్చిన సినిమా ఒకటి నాకు తర్వాత దొరికింది. అది కూడా పేదల వరస నుంచే వచ్చింది.

మోనోగ్రామ్ వాళ్ళు మిస్టర్ వాంగ్ అనే చైనీస్ డిటెక్టివ్‌తో సినిమాలు తీశారు. ఐదింటిలో ఆ వేషం బోరిస్ కార్లాఫ్‌ది. ఆరోది 'ఫాంటమ్ ఆఫ్ చైనాటౌన్', 1940. అందులో వాంగ్ వేషం కీ ల్యూక్‌కి ఇచ్చారు. ఆసియా మూలాలున్న డిటెక్టివ్‌గా ఆసియా మూలాలున్న నటుడే హీరో! మాటలో యాస పెట్టలేదు, సామెతలు చెప్పించలేదు. మామూలుగా మాట్లాడే, బాగా చదువుకున్న యువకుడు. చైనా సమాధులు తవ్వి తెచ్చిన పరిశోధకుడి హత్య కథ. ఒకచోట చైనావాళ్ళు వచ్చి జార్జ్ వాషింగ్టన్ సమాధి తవ్వుతారట అన్న అర్థంలో అతను ఒక మాట అంటాడు. మా అమ్మాయి చప్పట్లు కొట్టింది.

సినిమాగా గొప్పదేమీ కాదు. గంట సినిమా, సెట్లు నాసిరకం. దానితో సిరీస్ ఆగిపోయింది. ఇంకో నాలుగు వచ్చి ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తూనే ఉంటుంది.

కొత్తచూపు:

మేడం, ఇది ఇప్పుడే సేవ్ చేసుకున్నాను.

ఒకే_సెట్టు:

పద్మ గారూ, మీ మాటకి కొనసాగింపుగా ఇంకొకరిని తలచుకోవాలి. ఫాక్స్ వాళ్ళు 1942లో చాన్ సిరీస్ ఆపేస్తే 1944 నుంచి మోనోగ్రామ్ తీసింది. వాటిలో డ్రైవరు వేషం మాంటన్ మోర్లాండ్‌ది. నల్లజాతి నటుడు. దయ్యాలకి భయపడి కళ్ళు పెద్దవి చేసే వేషమే ఇచ్చారు, అది చూస్తే నొప్పిగానే ఉంటుంది. కానీ 1945 నాటి 'ది స్కార్లెట్ క్లూ'లో బెన్ కార్టర్‌తో ఆయన చేసిన సంభాషణ చూడండి. ఒకరి మాట పూర్తికాకముందే ఇంకొకరు అందుకుంటారు. ఊరి పేరు, మనిషి పేరు, అంకె ఏదీ పూర్తిగా వినపడదు, ఇద్దరికీ మాత్రం అంతా అర్థమవుతుంది. వాళ్ళిద్దరూ స్టేజీ మీద చేసుకొచ్చిన అంశం అది. టైమింగ్ అంటే అది. మా నటులకి రిహార్సల్‌లో చూపించాను. ముప్పై సార్లు ప్రయత్నించారు, ఆ వేగం రాలేదు.

కత్తిరింపు:

నేను చెప్పాలనుకున్న సినిమా 'డీటూర్'. 1945, పి.ఆర్.సి., దర్శకుడు ఎడ్గర్ ఉల్మర్. ఎవరు చంపారన్న మిస్టరీ కాదు, హత్యా ప్రమాదమా అన్న మిస్టరీ. న్యూయార్క్‌లో పియానో వాయించేవాడు ప్రేమించిన అమ్మాయి కోసం లాస్ ఏంజెలెస్‌కి లిఫ్టులు అడుక్కుంటూ బయల్దేరతాడు. దారిలో కారు ఇచ్చినవాడు చనిపోతాడు. నేను చంపలేదు, ఎవరూ నమ్మరు, అందుకే కారు తీసుకున్నాను అని మనకి తనే చెబుతాడు. నమ్మాలా వద్దా? కథంతా అతని నోటనే వింటున్నాం కాబట్టి చివరిదాకా తేలదు.

ఎడిటర్‌గా నాకు ఇందులో రెండు చోట్లు ఇష్టం. మొదట్లో ప్రేమికులిద్దరూ రాత్రి న్యూయార్క్ వీధిలో నడుస్తారు. వీధి లేదు! దట్టమైన పొగమంచు, ఒక వీధి దీపం, వీధి పేరు రాసిన బోర్డు. అంతే. డబ్బు లేక పెట్టిన మంచు ఆ ఇద్దరి భవిష్యత్తులా కనిపిస్తుంది. రెండోది, లిఫ్టు అడిగే షాట్లు. కొన్నిచోట్ల అతను కారు కుడివైపు తలుపు బదులు ఎడమవైపు ఎక్కుతాడు, కార్లు రోడ్డుకి తప్పు వైపు నడుస్తాయి. నెగెటివ్‌ని తిప్పేసి వాడారు. తూర్పు నుంచి పడమరకి, అంటే తెర మీద కుడి నుంచి ఎడమకి ప్రయాణం ఒకే దిక్కున కనిపించాలని. కారు తప్పు వైపు ఉన్నా ఫర్వాలేదు, మనిషి వెళ్ళే దిక్కు తప్పకూడదు. నేను అయినా అదే ఎంచుకుంటాను.

ఒక సవరణ కూడా. దీన్ని ఆరు రోజుల్లో తీశారని చాలాచోట్ల రాస్తారు. ఉల్మర్ తనే అలా చెప్పుకున్నాడు. స్టూడియో కాగితాలు చూసినవాళ్ళు తేల్చింది వేరు. అంతకంటే ఎక్కువ రోజులే పట్టింది, ఖర్చు కూడా లక్ష డాలర్లు దాటింది. పి.ఆర్.సి. లెక్కలో అది పెద్ద మొత్తమే. ఆరు రోజులన్న కథ ఆకర్షణీయంగా ఉంటుంది కానీ, దాన్ని నమ్మితే వాళ్ళు పెట్టిన శ్రద్ధ కనపడకుండా పోతుంది.

రాత్రిషో:

ఈ సవరణ నాకు కొత్త. నేను కూడా ఆరు రోజులనే అందరికీ చెబుతున్నాను, మానేస్తాను. దాని మంచి ప్రింటు ఎలా వచ్చిందో మాత్రం చదివాను. 2018లో బాగుచేశారు. బెల్జియం ఆర్కైవ్‌లో ఒక పాత ప్రింటు మంచి స్థితిలో దొరికింది, కానీ బొమ్మ మీదే ఫ్రెంచ్, ఫ్లెమిష్ సబ్‌టైటిల్స్ ముద్రించి ఉన్నాయి. వాటిని ఫ్రేము ఫ్రేముగా చెరిపారు. అంతకుముందు నేను చూసింది బూడిద రంగు కాపీ. కొత్తది చూశాక అందులో నటించిన ఆన్ శావేజ్ కళ్ళు అంత భయపెడతాయని మొదటిసారి తెలిసింది.

లెక్కలమాస్టారు:

'ది విజ్లర్' చూశాను. బాగుంది. ఇంకోటి అడుగుతాను. రేమండ్ చాండ్లర్ డిటెక్టివ్ నవలలు ఈ చవక సిరీస్‌లలో కలిసిపోయాయని ఎక్కడో చదివాను, నిజమేనా?

కత్తిరింపు:

నిజమే మాస్టారూ. 'ఫేర్‌వెల్ మై లవ్లీ'ని ఆర్.కె.ఓ. వాళ్ళు 1942లో ఫాల్కన్ అనే డిటెక్టివ్ సిరీస్‌లో గంట సినిమాగా తీసేశారు, అందులో చాండ్లర్ డిటెక్టివే లేడు. రెండేళ్ళ తర్వాత అదే స్టూడియో, అదే నవలని డిక్ పావెల్‌తో పెద్దగా మళ్ళీ తీసింది. ఆ పెద్ద సినిమా దర్శకుడు ఎడ్వర్డ్ డిమిట్రిక్ అంతకుముందు ఫాల్కన్ సినిమా ఒకటి చేసినవాడే. 'ది హై విండో' ఫాక్స్ వాళ్ళ మైకేల్ షేన్ సిరీస్‌లో పోయింది. 'ఫేర్‌వెల్ మై లవ్లీ' నుంచి వచ్చిన ఆ రెండు సినిమాలూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే, ఒకే కథకి గంట చాలనిది ఎక్కడో, గంటే మేలైనది ఎక్కడో తెలుస్తుంది. తాగుబోతు ముసలావిడ సీను నాకు చిన్నదాంట్లోనే నచ్చింది.

రాత్రిషో:

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైనవాళ్ళ దగ్గరికి వస్తాను. ఆర్.కె.ఓ.లో వాల్ లూటన్ అనే నిర్మాత. స్టూడియో అతనికి మూడు షరతులు పెట్టింది. ఖర్చు లక్షా యాభై వేల డాలర్లు దాటకూడదు. నిడివి 75 నిమిషాలు దాటకూడదు. పేరు మేమిస్తాం, సినిమా నువ్వు తీయి. అలా పేరు ముందొచ్చి తర్వాత పుట్టిన హత్య కథ 'ది లెపర్డ్ మ్యాన్', 1943. దర్శకుడు జాక్ టూర్నర్. న్యూ మెక్సికోలో ఒక పట్నం, తప్పించుకున్న చిరుత, వరసగా చనిపోతున్న ఆడపిల్లలు. చంపుతున్నది చిరుతేనా?

మొదటి చావు గురించి కొంచెం చెబుతాను, ఇది రహస్యమేమీ కాదు. ఒక తల్లి కూతుర్ని రాత్రిపూట మొక్కజొన్న పిండి తెమ్మంటుంది. పిల్ల భయపడుతుంది, తల్లి బయటికి నెట్టి తలుపేస్తుంది. దగ్గర కొట్టు మూసేశారు, దూరం పోవాలి. చీకట్లో రైలు వంతెన కింద నుంచి నడక. పాటా లేదు, సంగీతమూ లేదు. నీటి చుక్కల చప్పుడు. తర్వాత ఇంటికి పరుగు, తలుపు బాదడం, కేకలు. తల్లి మొదట నమ్మదు. నమ్మేసరికి గడియ బిగుసుకుపోయింది. ఇక మనం తలుపు ఇవతలే ఉంటాం. అవతల ఏం జరిగిందో చూపించరు. తలుపు కింద సందులోంచి నేల మీదకి నెత్తురు వస్తుంది.

మొదటి పోస్టులో నేను సగం జవాబు అన్నది దీని గురించే. హత్య ఎవరూ చూడనప్పుడు జరుగుతుంది, మిస్టరీ అంటేనే అది. డబ్బు లేనివాడు ఎలాగూ చూపించలేడు. ఈ రెండూ ఇక్కడ ఒకదానికొకటి సరిగ్గా అతికాయి. కోటి రూపాయలిచ్చినా ఆ తలుపు తెరవకూడదు.

లెక్కలమాస్టారు:

సరిగ్గా చెప్పారు. 1940 నాటి 'స్ట్రేంజర్ ఆన్ ది థర్డ్ ఫ్లోర్' కూడా ఇక్కడ చేర్చాలి. అదీ ఆర్.కె.ఓ.దే, 64 నిమిషాలు. విలేకరి సాక్ష్యంతో ఒక టాక్సీ డ్రైవరుకి మరణశిక్ష పడుతుంది. ఆ రాత్రి విలేకరికి, తన పక్కగది మనిషిని తనే చంపినట్టు కోర్టు కల వస్తుంది. ఆ కలలో పెద్ద సెట్లు లేవు, గోడల మీద ఏటవాలు నీడలే. కథలో తర్కం వెతికే నేను కూడా అక్కడ పెన్ను పక్కన పెట్టాను. కోర్టులో నిద్రపోయే జ్యూరీ సభ్యుణ్ణి చూపిస్తారు. హంతకుడెవరన్నదానికంటే అది ఎక్కువ భయపెట్టింది.

కత్తిరింపు:

చివరిగా నేను ఒకటి, 'ది నారో మార్జిన్', 1952. రిచర్డ్ ఫ్లైషర్ 13 రోజుల్లో తీశాడు. దాదాపు మొత్తం రైల్లోనే. హంతకులు వెతుకుతున్న సాక్షిని డిటెక్టివ్ రైల్లో దాచి తీసుకెళ్తుంటాడు. మామూలుగా రైలు సెట్టుని ఊపుతూ తీస్తారు, అది ఖర్చు. ఇతను పెట్టెని నేలకి బిగించేసి, కెమెరాని చేత్తో పట్టుకుని ఊపించాడు. సంగీతం బదులు రైలు చప్పుడే. ఒక సీన్లో గోళ్ళు రాసుకునే చేతి నుంచి రైలు చక్రాల మీదకి కట్ ఉంటుంది, అదే వేగం, అదే లయ. కథకి ఆస్కార్ నామినేషన్ వచ్చింది. కథ రాసినవాళ్ళలో ఒకరు మార్టిన్ గోల్డ్‌స్మిత్, 'డీటూర్' నవల, స్క్రీన్‌ప్లే రాసింది కూడా ఆయనే.

అప్పటికే ఈ రకం సినిమాల కాలం అయిపోవస్తోంది. 1948లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పుతో స్టూడియోలు హాళ్ళని వదులుకోవాల్సి వచ్చింది, సినిమాలు గుత్తగా అంటగట్టడం ఆగింది. ఇంట్లోకి టీవీ వచ్చింది. గంట డిటెక్టివ్ కథ అక్కడికి వెళ్ళిపోయింది.

కొత్తచూపు:

అన్నా, నిన్న రాత్రి 'ది లెపర్డ్ మ్యాన్' చూశాను. ల్యాప్‌టాప్ హాల్లో పెట్టుకున్నాను, మా నాయనమ్మ పక్కనే మంచం మీద ఉంది. ఆవిడకి ఇంగ్లీషు రాదు, నేను చెప్పలేదు కూడా. పిల్ల వంతెన కింద నడుస్తుంటే లేచి కూర్చుంది. పిల్ల తలుపు కొడుతుంటే, "గడియ తియ్యవే, పిల్ల ఏడుస్తోందే" అని తెర మీద తల్లిని తిట్టింది. నెత్తురు వచ్చాక చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత తన చిన్నప్పుడు సాయంత్రం చీకటి పడ్డాక నూనెకి పంపేవాళ్ళని, శ్మశానం పక్క దారి అని, ఎవరికీ చెప్పని భయం ఒకటి చెప్పింది. సినిమా ఆపేసి అది విన్నాను. మిగతా సగం ఈరోజు చూస్తాం. హంతకుడెవరో తను ముందే చెప్తానంది.

ఒకే_సెట్టు:

కొత్తచూపు, మీ నాయనమ్మ గారికి నా నమస్కారం చెప్పు బాబూ.

ఈ ఏడాది మా నాటికలో ఆసుపత్రి సీను ఉంది. మంచాలు, సెలైన్ స్టాండు, తెల్ల కర్టెన్లు అన్నీ లిస్టు రాసి పెట్టుకున్నాం. నాలుగు రోజులుగా మీ పోస్టులు చదివి, నిన్న ఆ లిస్టు పక్కన పెట్టేశాను. తలుపు ఒక్కటే ఉంచుతున్నాం. తండ్రి ఇవతల, ఆపరేషన్ అవతల. శనివారం రిహార్సల్. గడియ మాత్రం ఇనుపది చేయించాను, చెక్క గడియకి ఆ చప్పుడు రాదు.